నాయకుడి పండక్కి వెళ్తే నాయకుణ్ణి చూడకండి

కొత్త నాయకుడు ప్రమాణం చెయ్యబోయే ముందు ఆరుబయట పెద్ద పాటకచేరీ పెడితే, తెలిసినవాళ్ళంతా ఒకటే చెబుతారు. పెందలాడే వెళ్ళి ముందు వరసలో చోటు పట్టుకోండి. ఎవరెవరు పాడతారో జాబితా చూసుకుని వెళ్ళండి. ఫోను నిండా ఛార్జింగు పెట్టుకోండి, నాయకుడు మాట్లాడేటప్పుడు వీడియో తీసుకోండి. ఇందులో పెందలాడే వెళ్ళమన్న మాట ఒక్కటే నేను ఒప్పుకుంటాను, అదీ వేరే కారణంతో. మిగతావన్నీ తిరగేసి చెయ్యమంటాను. వినగానే విడ్డూరంగా అనిపిస్తుంది. అయినా ఒక్కసారి పాటించి చూడండి.

నా సలహాలన్నిటికీ మూలం ఒక్క కచేరీ. 2009 జనవరి 18, ఆదివారం మధ్యాహ్నం, వాషింగ్టన్ డీసీలో లింకన్ మెమోరియల్ మెట్ల మీద బరాక్ ఒబామా కోసం జరిగిన ‘వీ ఆర్ వన్’. రెండు రోజుల తర్వాత ఆయన అమెరికా తొలి నల్లజాతి అధ్యక్షుడిగా ప్రమాణం చేశాడు. గట్టి చలి. వచ్చిన జనం సుమారు 4 లక్షలని అంచనా. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్, బియాన్సే, స్టీవీ వండర్, షకీరా, యూటూ, మేరీ జె. బ్లైజ్, గార్త్ బ్రూక్స్ పాడారు. డెంజెల్ వాషింగ్టన్, టామ్ హ్యాంక్స్, జేమీ ఫాక్స్, క్వీన్ లతీఫా మాట్లాడారు. గోల్ఫ్ ఆటగాడు టైగర్ వుడ్స్ కూడా వచ్చాడు. హెచ్‌బీఓ చానెల్ ప్రసార హక్కులు కొని, తన చందాదారులు కానివాళ్ళకూ ఉచితంగా చూపించింది. దాని రికార్డింగు నుంచే నేను ఇదంతా నేర్చుకున్నాను. నాలుగేళ్ళకోసారి ఆ ఊళ్ళో ఇలాంటి సంబరం ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. వర్జీనియా, మేరీలాండ్ వైపు మనవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

ఆ నాయకుడికి ఓటు వెయ్యనివాళ్ళు తప్పకుండా వెళ్ళాలి. అసలు ఓటే లేనివాళ్ళు, అంటే ఎఫ్-1 మీద చదువుకుంటున్న పిల్లలు, హెచ్-1బీ మీద పనిచేస్తున్నవాళ్ళు, మనవల్ని చూడ్డానికి వచ్చిన అమ్మమ్మలూ తాతయ్యలూ కూడా వెళ్ళాలి. గెలిచిన పార్టీవాళ్ళకి అక్కడ కొత్తగా తెలిసేదేమీ ఉండదు, వాళ్ళు ముందే కరిగిపోయి వస్తారు. ఎవరి పక్షమూ కాని మనిషికి చెవులు బాగా పనిచేస్తాయి. పైగా ఆ మెట్లు ఏ ఒక్క పార్టీవీ కావు. 1993లో బిల్ క్లింటన్ కోసం అక్కడే అరీతా ఫ్రాంక్లిన్, బాబ్ డిలన్ పాడారు. 2001లో జార్జి డబ్ల్యూ. బుష్ కోసం రికీ మార్టిన్ ఆడిపాడాడు. 2017లో డొనాల్డ్ ట్రంప్ కోసం టోబీ కీత్, త్రీ డోర్స్ డౌన్ బృందం వచ్చారు. నాయకులు మారారు, గాయకులు మారారు, జనం నిలబడే నేల మాత్రం అదే.

పెందలాడే వెళ్ళమన్నది చోటు కోసం కాదు. అసలు కార్యక్రమం మొదలుకాక ముందు జరిగేదాన్ని కెమెరాలు పట్టించుకోవు, అందుకు. 2009లో ఆ మెట్ల మీద మొదట మైకు ముందుకు వచ్చింది సినిమా తార కాదు, జీన్ రాబిన్‌సన్ అనే న్యూ హాంప్‌షైర్ బిషప్. తాను స్వలింగ ప్రేమికుణ్ణని దాచుకోకుండా ఎపిస్కోపల్ చర్చిలో బిషప్ అయిన మొదటి మనిషి. ఆయన ప్రార్థన చదివితే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. దేశానికి సుఖశాంతులు అడగలేదాయన. లోకంలోని దుఃఖం చూసి ఏడవగలిగే కన్నీళ్ళు అడిగాడు. వివక్షను చూసి రగిలే కోపం అడిగాడు. తేలిక జవాబులతో తృప్తిపడనివ్వని ఇబ్బందిని అడిగాడు. మన బాధలేవీ ఇప్పట్లో తీరవని తెలుసుకునే ఓర్పు అడిగాడు. కొత్త అధ్యక్షుడు మామూలు మనిషేగాని మనల్ని ఉద్ధరించడానికి వచ్చిన అవతారం కాడన్న ఎరుక ప్రసాదించమన్నాడు. ఆ రోజు అంత అవసరమైన మాట ఇంకొకరు అనలేదు. అది హెచ్‌బీఓ ప్రసారంలో రాలేదు. ఇళ్ళలో టీవీల ముందు కూర్చున్నవాళ్ళు సంబరం చూశారుగాని, దాని ముందు పెట్టిన హెచ్చరిక వినలేదు. అందుకే మైకులు సరిచూసుకునే వేళకే అక్కడుండండి. తొలి అరగంటలో వినిపించే మాటని, ఎవరూ చప్పట్లు కొట్టకపోయినా, చెవిపెట్టి వినండి.

ఇక చోటు సంగతి. దొరికినా ముందుకు వెళ్ళకండి. మెమోరియల్ ఎదుట రిఫ్లెక్టింగ్ పూల్ అని 600 మీటర్లకు పైగా పొడవున్న నీటి కొలను ఉంది. దాని రెండు ఒడ్డులా జనం నిలబడతారు. మీరు కొలను ఆ చివరికి వెళ్ళి నిలబడండి. చలిగాలిలో శబ్దం సెకనుకు సుమారు 330 మీటర్లు ప్రయాణిస్తుంది. అంటే మెట్ల మీద పడ్డ డ్రమ్ము దెబ్బ గాలిలో మీదాకా రావడానికి రెండు సెకన్లు పడుతుంది. అందుకే ఇంత పెద్ద మైదానాల్లో దూరంగా కట్టిన స్పీకర్లను కావాలనే ఆలస్యంగా మోగిస్తారు. వేదిక నుంచి వచ్చే శబ్దం, పక్కనున్న స్పీకరు శబ్దం రెండూ ఒకేసారి చెవిన పడాలని ఆ ఏర్పాటు. వెలుగుకి అలాంటి ఆలస్యం లేదు. కాబట్టి పెద్ద తెర మీద గాయని పెదవి ముందు కదిలి, పాట వెనక వచ్చే అవకాశం ఎక్కువ. దీన్ని లోపమనుకుని అందరూ ముందుకు తోసుకుంటారు. నేను దానికోసమే వెనక నిలబడమంటాను. పెదవికీ పాటకీ లంకె తెగిందంటే, కాసేపటికి మీరు తెర వైపు చూడ్డం మానేస్తారు. తార అక్కడెక్కడో ఉండిపోతుంది, పాట మీ దగ్గర ఉంటుంది.

జనం గొంతు కలిపినప్పుడు వెనక వరసల్లో ఇంకా బావుంటుంది. ముందువాళ్ళు పల్లవి ముగించేసరికి మీరింకా మధ్యలో ఉంటారు. పాట మీ మీదుగా వెనక్కి పోవడం తెలుస్తుంది. ముందు వరసలో నిలబడ్డవాడికి పాడుతున్నది ఎవరో కనిపిస్తుందిగాని, పాడుతున్నది ఎంతమందో తెలియదు. ఇంకో మాట, కాఫీ తాగి వెళ్ళండి. మరుగుదొడ్డి క్యూలో నిలబడాల్సి వస్తుందని అందరూ భయపెడతారు. నిలబడండి. ఒహాయో నుంచి రాత్రంతా బస్సులో వచ్చిన ముసలామెతో, పిల్లాణ్ణి భుజాన ఎక్కించుకున్న టాక్సీ డ్రైవరుతో తీరిగ్గా మాట్లాడే వీలు ఆ క్యూలో తప్ప ఎక్కడా దొరకదు. ఎందుకొచ్చారని వాళ్ళని అడగండి. మీరెందుకు వచ్చారో కూడా చెప్పండి.

ఒక పాట మధ్యలో వేదికకి వీపు పెట్టండి. ఇది మర్యాద కాదని పక్కవాళ్ళు అనుకుంటారు, అనుకోనివ్వండి. మీ ఎదుట వాషింగ్టన్ మాన్యుమెంటు, దానికవతల, లింకన్ మెమోరియల్‌కి 3 కిలోమీటర్లకు పైగా దూరంలో, అమెరికా చట్టసభ భవనం క్యాపిటల్. దాని కట్టుబడిలో బానిసల చెమట ఉంది. ఇప్పుడు మళ్ళీ మెమోరియల్ వైపు తిరిగి, పాడుతున్నవాళ్ళని కాకుండా మెట్లని చూడండి. 1922 మే 30న, బానిసత్వాన్ని రద్దు చేసిన లింకన్ పేరిట ఈ కట్టడాన్ని ప్రారంభించినప్పుడు, చూడవచ్చిన నల్లవాళ్ళని వేరుగా కూర్చోబెట్టారు. 1939లో మరియన్ ఆండర్సన్ అనే మహాగాయని పాడతానంటే, నల్లజాతి స్త్రీ కనక, ‘డాటర్స్ ఆఫ్ ది అమెరికన్ రివల్యూషన్’ సంఘం తమ కాన్‌స్టిట్యూషన్ హాలు ఇవ్వనంది. అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ ఆ సంఘానికి రాజీనామా చేసింది. ఆ ఏప్రిల్ 9న, ఈస్టర్ ఆదివారం, ఆండర్సన్ ఈ మెట్ల మీద నిలబడి 75 వేలమంది ఎదుట పాడింది. రేడియోలో దేశమంతా విన్నది.

ఇది గుర్తుపెట్టుకోండి. ఈ మెట్లకి పేరు తెచ్చిన కచేరీ ఏ నాయకుడి గెలుపు కోసమూ జరగలేదు. తలుపు వేసేశారు కాబట్టి జరిగింది. 1963 ఆగస్టు 28న రెండున్నర లక్షలమంది ఉద్యోగాలూ స్వేచ్ఛా కావాలని ఇక్కడికే నడిచివచ్చారు. మార్టిన్ లూథర్ కింగ్ మాట్లాడాడు, మహేలియా జాక్సన్ పాడింది, ఆండర్సన్ కూడా మళ్ళీ వచ్చి పాడింది. 2009లో ఈ కథని క్వీన్ లతీఫా చెప్పింది. చాలామంది ఆ కాసేపట్లో తర్వాత ఎవరొస్తారా అని ఎదురుచూసి ఉంటారు. మీరు వెళ్ళినప్పుడు అలా చెయ్యకండి. గెలిచినవాళ్ళు ఈ మెట్లని అడిగి తెచ్చుకుంటున్నారు. ఎవరి దగ్గర్నుంచి తెచ్చుకుంటున్నారో ఎరిగి వింటే ప్రతి పాటా వేరేగా వినిపిస్తుంది.

గాయకుల జాబితా తెచ్చుకోవద్దన్నాను. దాని బదులు, ఇదివరకు ఇలాంటి వేడుకల్లోంచి ఏం తీసేశారో తెలుసుకుని వెళ్ళండి. ఆరన్ కోప్లాండ్ అనే స్వరకర్త 1942లో ‘లింకన్ పోర్ట్రెయిట్’ రాశాడు. ఆర్కెస్ట్రా మోగుతుండగా లింకన్ మాటల్ని ఒకరు చదివే రచన. 1953లో ఐసెన్‌హోవర్ ప్రమాణ వేడుకల కచేరీలో దాన్ని వాయించాల్సి ఉంది. కోప్లాండ్‌కి కమ్యూనిస్టు పోకడలున్నాయని ఒక కాంగ్రెస్ సభ్యుడు అభ్యంతరం చెబితే తీసేశారు. లింకన్ సొంత పార్టీ అధ్యక్షుడి వేడుకలో లింకన్ మాటలకి చోటు దొరకలేదు! కొన్ని నెలల తర్వాత కోప్లాండ్‌ని, కమ్యూనిస్టుల కోసం వెతుకుతున్న సెనేటర్ జోసెఫ్ మెకార్తీ కమిటీ పిలిపించి ప్రశ్నించింది కూడా. 2009లో అదే రచనని లింకన్ విగ్రహం ముందే టామ్ హ్యాంక్స్ చదివాడు. అది తెలియకుండా వింటే పేరున్న నటుడు గంభీరంగా ఏదో చదువుతున్నట్టుంటుంది. తెలిసి వింటే, 56 ఏళ్ళు ఆలస్యంగా ఒక బాకీ తీరుతోందని అర్థమవుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైన సలహాకి వచ్చాను. నాయకుణ్ణి చూడకండి. 2009లో ఒబామా కుటుంబాన్ని వేదిక పక్కన, తూటాలు దూరని అద్దం వెనక కూర్చోబెట్టారు. కెమెరాలు మాటిమాటికీ అటే తిరిగాయి. మిషెల్ నవ్వింది, పిల్లలు ఊగారు, ఆయన పెదవి కలిపాడు. అంత ప్రేమగల కుటుంబాన్ని చూడాలని ఎవరికైనా ఉంటుంది, నేను కాదనను. కానీ మీ కళ్ళు అటు ఉండగా వేదిక మీద జరిగేది జారిపోతుంది. ఆ రోజు చూడాల్సిన మనిషి పీట్ సీగర్. 89 ఏళ్ళవాడు. తలకి అల్లిక టోపీ పెట్టుకుని, మనవడు టావో రోడ్రిగెజ్-సీగర్‌నీ, స్ప్రింగ్‌స్టీన్‌నీ పక్కన పెట్టుకుని చివర్లో వచ్చాడు.

ఎవరీ సీగర్? జానపద గాయకుడు. 1955లో అమెరికా చట్టసభ విచారణ సంఘం ఒకటి, కమ్యూనిస్టన్న అనుమానంతో ఆయన్ని పిలిపించి, ఎవరి సభల్లో పాడావు, ఎవరితో తిరిగావు అని అడిగింది. జవాబు చెప్పనన్నాడు. నా పాటలు కావాలంటే పాడి వినిపిస్తానుగాని నా నమ్మకాలు మీకనవసరం అన్న వైఖరి. 1961లో చట్టసభ ధిక్కారం కింద జైలుశిక్ష వేశారు. మరుసటి ఏడు పై కోర్టు కొట్టేసింది. ఏళ్ళ తరబడి పెద్ద టీవీ చానెళ్ళు ఆయన్ని దగ్గరికి రానివ్వలేదు. ఆ మనిషి కొత్త అధ్యక్షుడి కోసం వుడీ గుత్రీ రాసిన ‘దిస్ ల్యాండ్ ఈజ్ యువర్ ల్యాండ్’ పాడాడు. అమెరికాలో బడిపిల్లలందరికీ వచ్చిన పాటే. బళ్ళలో నేర్పేటప్పుడు రెండు చరణాలు వదిలేస్తారు. ఒకదాంట్లో, ఇది సొంత ఆస్తి, లోపలికి రావద్దు అన్న బోర్డు అడ్డం వస్తుంది. ఇంకోదాంట్లో, ప్రభుత్వ సాయం ఇచ్చే ఆఫీసు ముందు ఆకలితో నిలబడ్డ జనాన్ని చూసి, ఈ నేల నిజంగా మనదేనా అని పాడేవాడికి అనుమానం వస్తుంది. ఆ రెండూ పాడి తీరాలని సీగర్ పట్టుబట్టాడు. ఆ సంగతి తర్వాత స్ప్రింగ్‌స్టీనే చెప్పాడు.

అప్పుడు కాలం ఎలా ఉందో తలుచుకోండి. 2008 సెప్టెంబరులో లీమన్ బ్రదర్స్ బ్యాంకు కూలింది. నెలనెలా లక్షల ఉద్యోగాలు ఊడుతున్నాయి. మన వైపు అయితే ఆ జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి లెక్కలు తప్పుడువని ఉత్తరం రాసి ఒప్పుకున్నాడు. హైదరాబాదులోనూ అమెరికాలోనూ తెలుగు కుటుంబాలకి వచ్చే నెల జీతం వస్తుందా అన్న దిగులు. సరిగ్గా అలాంటి వారంలో, అధికారంలోకి వస్తున్న మనిషిని ఎదుట కూర్చోబెట్టి, ఆకలి చరణాన్ని 4 లక్షలమంది చేత పాడించాడు సీగర్. పాడించిన తీరు మన బుర్రకథ చూసినవాళ్ళకి కొత్త కాదు. పాదాన్ని ముందే అందిస్తాడు, జనం అందుకుంటారు. తన గొంతు అప్పటికే అరిగిపోయింది. అయినా లోటు రాలేదు, ఎందుకంటే ఆయన తన జీవితమంతా తాను పాడ్డం కంటే ఎదుటివాళ్ళ చేత పాడించడమే పనిగా పెట్టుకున్నాడు. నాయకుణ్ణి పొగడ్డానికి పిలిచిన వేదిక మీద, పొగడకుండా, తిట్టకుండా, నువ్వు చూడాల్సినవాళ్ళు వీళ్ళని వేలెత్తి చూపించడం ఎంత కష్టమో ఆలోచించండి. ఇన్ని పేరున్న పాటల మధ్య నాకు కచేరీ అంటే అదొక్కటే.

కాబట్టి పాట వచ్చినా రాకపోయినా పాడండి. రాగం తప్పితే తప్పనివ్వండి. ఫోను జేబులో ఉంచండి. తీసినా నాలుగు లక్షలమంది నడుమ మీ ఫోనుకి దొరికేది మసక బొమ్మా, పక్కవాడి దగ్గూ. మంచి రికార్డింగు వేరేవాళ్ళు ఎలాగూ చేస్తారు. మీ గొంతు మాత్రం మీరు కలపకపోతే ఎవరూ కలపరు. పాడిన పాట ఎవరి తరఫునా ఉండదు, ఏళ్ళ తర్వాత కూడా పిలిస్తే పలుకుతుంది. తెలంగాణ ఉద్యమంలో ధూంధాంలు చూసినవాళ్ళకి ఇది బాగా తెలుసు. నాయకుడు వచ్చేదాకా కాలక్షేపానికని వేదిక మీద పాటగాళ్ళు ఎక్కలేదక్కడ. పాట కోసం వచ్చిన జనానికి నాయకులు మాట్లాడారు. అందెశ్రీ రాసిన ‘జయ జయహే తెలంగాణ’ని ఉద్యమకాలంలో ఊరూరా పాడారు. 2014లో రాష్ట్రం వచ్చాక అది పదేళ్ళు అధికారిక గీతం కాలేదు. ప్రభుత్వం మారి, 2024 జూన్ 2న అయింది. ఆ పదేళ్ళూ దాన్ని నిలబెట్టింది జనం నోరే.

నాయకుడి ప్రసంగం వచ్చినప్పుడు కంగారుపడి వినకండి. నేను ప్రసంగాలకి విరోధిని కాను, ఒబామా మంచి వక్త. కానీ అంత జనంలో ప్రతి వాక్యం చివరా చప్పట్లు పడతాయి. ఆ చప్పట్ల ఊపులో మాటల బరువు తెలియదు. ఇచ్చిన మాట ఏదో, కోరిన కోరిక ఏదో, ఊరికే అందంగా అన్నది ఏదో విడదీయలేం. మర్నాడు పత్రికలో పూర్తి పాఠం వస్తుంది. పెన్సిలు పట్టుకుని కూర్చుని చదవండి. చేస్తానన్న ప్రతి పని కిందా గీత పెట్టండి. ఆ కాగితాన్ని నాలుగేళ్ళు దాచండి. మెట్ల దగ్గర నిలబడి కన్నీళ్ళు పెట్టుకున్న మనిషికే ఆ పని చేసే హక్కు ఎక్కువ అని నా నమ్మకం. ప్రేమించనివాడు లెక్క అడిగితే పగ అంటారు. మనసారా సంబరపడినవాడు అడిగితే జవాబు చెప్పక తప్పదు.

జనం లేకపోతే ఇలాంటి కచేరీలో ఏం మిగులుతుందో చూడాలంటే 2021 జనవరి 20 రాత్రిది చూడండి. కోవిడ్ కాలం. జో బైడెన్ కోసం అదే మెమోరియల్ దగ్గర, అదే టామ్ హ్యాంక్స్, అదే స్ప్రింగ్‌స్టీన్. గిటారు పట్టుకుని ఒక్కడే నిలబడి పాడాడు. ముందటి సాయంత్రం ఆ కొలను చుట్టూ 400 దీపాలు వెలిగించారు, అప్పటికి కోవిడ్‌తో పోయిన 4 లక్షలమంది కోసం. పన్నెండేళ్ళ ముందు ఆ ఒడ్డున నిలబడి పాడిన జనం అంచనా కూడా అంతే. స్ప్రింగ్‌స్టీన్ బాగానే పాడాడు. పాట అందుకోవడానికి ఎవరూ లేరు.

చివరగా, ప్రమాణ స్వీకారానికీ పాటకచేరీకీ మధ్య ఒకటే ఎంచుకోవాల్సి వస్తే కచేరీకే వెళ్ళండి. ప్రమాణానికి టికెట్లు సంపాదించాలని కాంగ్రెస్ సభ్యుల ఆఫీసుల చుట్టూ తిరుగుతారు జనం. 2009 జనవరి 20న ఊదారంగు టికెట్లున్నవాళ్ళు వేలమంది థర్డ్ స్ట్రీట్ సొరంగంలో గంటల తరబడి ఇరుక్కుపోయి, చేతిలో టికెట్లుండీ ప్రమాణం చూడలేకపోయారు. లోపలికి వెళ్ళగలిగినవాళ్ళకి యో-యో మా, ఇట్జాక్ పెర్ల్‌మన్ లాంటి మహా విద్వాంసుల వాద్యం వినిపించింది, నిజమే. కానీ చలికి వాద్యాల శ్రుతి నిలవదని ముందే రికార్డు చేసిన సంగీతం అది. అందులో తప్పేమీ లేదు, వాద్యాలు కాపాడుకోవాలి. అయితే అది ఇంట్లో కూర్చుని వినదగ్గది. మళ్ళీ ఆ రోజులు 2029 జనవరిలో వస్తాయి. రెండు జతల మేజోళ్ళు వేసుకోండి, కాళ్ళ కింద పరుచుకోవడానికి అట్టముక్క ఒకటి తీసుకెళ్ళండి. బ్యాగులు సోదా చేస్తారు కాబట్టి జేబులో పట్టేంత తిండి చాలు. కచేరీ ఎవరికోసం జరుగుతున్నా, తెలిసిన పాట ఒక్కటైనా అన్ని చరణాలతో కంఠతా పట్టి వెళ్ళండి, వదిలేసే చరణాలతో సహా.